త్రిపురారం మడిలో చుక్కల ఫోటో తీసింది నేను కాదు

నిన్న పొద్దున ఏడున్నరకు సైదులు నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఏం రా, అప్పుడే లేచినవా?" అన్నాను నవ్వుతూ.

అవతల సైదులు లేడు. వాడి బావమరిది.

"అన్నా, బావ పోయిండే. రాత్రి ఛాతీల నొప్పన్నడు. దవాఖానకు తీస్కపోయే లోపే ఖతమైపోయింది."

ఫోన్ పట్టుకుని స్టూడియో మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను. నలభై రెండేళ్ల మనిషి. మొన్న శనివారమే ఒక పెళ్లిలో నా పక్కన నిలబడి తలంబ్రాలు షూట్ చేశాడు.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. సైదులుది మోతె. సూర్యాపేటలో నా స్టూడియోకు పదకొండేళ్లుగా సెకండ్ కెమెరా వాడే. పెళ్లి ఎక్కడైనా నేను మండపం ముందు, వాడు ఏదో ఒక మూల. మంచి ఫ్రేములన్నీ ఆ మూల నుంచే వచ్చేవి.

వాటి మీద నా స్టూడియో పేరు పడేది. మా లైన్లో అది మామూలే. క్లిక్ ఎవరు కొట్టినా, పెళ్లి ఆర్డర్ ఎవరు ఒప్పుకుంటే పేరు వాళ్లదే.

ఆ మామూలే ఇవాళ నన్ను తలెత్తుకోనివ్వడం లేదు.

రెండేళ్ల కింద మాఘమాసంలో మిర్యాలగూడలో పెళ్లి. అప్పగింతలు అయ్యేసరికి తెల్లవారుజాము మూడు. సైదులుకు అప్పటికే పాలపుంత పిచ్చి పట్టింది. ఫోన్లో వీడియోలు చూసి చూసి, అది ఏ నెలలో ఏ టైంకి లేస్తుందో వాడికి నోటికొచ్చు. వాడిది పాత కెమెరా, చీకట్లో పనికిరాదు. నా దగ్గర కొత్త మిర్రర్‌లెస్ కెమెరా ఉంది.

"అన్నా, గీడ మిల్లుల లైట్లకు చుక్కలు గనవడవు. జర త్రిపురారం దిక్కు తిప్పు. నీ కెమెరా ఒక్క గంట ఇయ్యే."

కాలువ పక్కన కారు ఆపాను. "నీ పిచ్చి నువ్వు కానియ్యి" అని కెమెరా చేతికిచ్చి, సీటు వెనక్కి వాల్చాను.

లేచేసరికి తెల్లారింది. వాడు మోకాళ్ల దాకా బురదతో, ఉత్త కాళ్లతో నిలబడి నవ్వుతున్నాడు.

నాటుకు దమ్ము చేసి నీళ్లు పెట్టిన మడిలోకి దిగాడట. ట్రైపాడ్ బురదలో దిగబడిపోతుంటే దాని రెండు కాళ్ల కింద తన రెండు చెప్పులు పెట్టాడు. మూడో కాలు ఒడ్డు మీద. షట్టర్ ఇరవై సెకన్లు తెరిచి ఉంటుంది. మనిషి కదిలితే నీళ్లు కదులుతాయి, నీళ్లలో చుక్కలు చెదిరిపోతాయి. అందుకని ఆ ఇరవై సెకన్లూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడట. ఒకసారి కాదు, ముప్పై నలభై సార్లు.

"ఒక్కటి పడ్డదే అన్నా. ఒక్కటే పడ్డది."

రెండు రోజుల తర్వాత పెళ్లి ఫోటోలతో పాటు అది కూడా ఎక్స్‌పోర్ట్ అయింది. పైన పాలపుంత, కింద మడిలో మళ్లీ అదే పాలపుంత. మూలన ఎప్పట్లాగే నా స్టూడియో వాటర్‌మార్క్.

అలాగే పోస్ట్ చేశాను. పేరు చూసుకోలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. చూశాను.

కామెంట్లు వచ్చి పడ్డాయి. "సెట్టింగ్స్ చెప్పు అన్నా" అని ఎవరో అడిగారు. నాకేం తెలుసు? ఫైల్ తెరిచి, అందులో ఉన్న ఐఎస్‌ఓ, అపర్చర్ చూసి టైప్ చేశాను. నేనే పెట్టినట్టు.

ఆ ఫోటోకే కోదాడలో, ఫోటోగ్రాఫర్ల మీటింగ్‌లో శాలువా కప్పారు. "ఎలా తీశారండీ, కాస్త చెప్పండి" అని మైక్ ఇచ్చారు. కారులో గుర్రు పెట్టి నిద్రపోయిన నేను, బురదలో నిలబడిన కష్టం గురించి పది నిమిషాలు మాట్లాడాను.

సైదులు మూడో వరసలో ఉన్నాడు. హాల్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వాడే.

తిరుగు బస్సులో మాత్రం ఒక మాట అన్నాడు.

"అన్నా, చెప్పుల ముచ్చట జెప్పకపోతివి. అసలు కత గాడనే ఉంది గద."

నవ్వుతూనే అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. సూర్యాపేట చేరేదాకా గంట టైం ఉంది. తప్పయిపోయింది రా అని ఒక్క మాట అనలేకపోయాను. ఆ తర్వాత కూడా అనలేదు.

నిన్న మోతె వెళ్లాను. వాణ్ణి వాకిట్లో పడుకోబెట్టారు. వాడి భార్య పద్మ నన్ను చూసి, ఏడుస్తూనే లోపలికెళ్లి గోడ మీది ఫ్రేము తీసుకొచ్చింది.

అదే ఫోటో. మూలన నా పేరు.

"అన్నా, నువ్వు తీసిన ఫోటోనే గద ఇది. ఇంటికి ఎవరొచ్చినా మా అన్న తీసిండని సూపెడుతుండె. ఇదంటే పానం ఆయనకు. తలకాడ పెట్టమంటవా?"

కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు వాడు. నా పరువు కాపాడాడు.

అప్పుడైనా నోరు తెరవాలి కదా. చుట్టూ ఊరు ఊరంతా ఉంది. మా ఫోటోగ్రాఫర్లంతా ఉన్నారు.

"పెట్టమ్మా" అన్నాను.

పాడె లేచేదాకా నా పేరు వాడి తల దగ్గరే ఉంది.

థూ, నా బతుకు.

ఆ ఫోటో తీసింది నేను కాదు. మోతె సైదులు తీశాడు. ఆ టైంలో నేను నిద్రపోతున్నాను. లైకులు కొట్టినవాళ్లు, శాలువా కప్పినవాళ్లు అందరూ వినండి. తిట్టాలనుకుంటే కింద తిట్టండి, ఒక్క కామెంట్ కూడా డిలీట్ చేయను.

సాయంత్రం మోతె వెళ్తున్నాను. పద్మ ఎదురుగా కూర్చుని నా నోటితో చెప్పాలి. కానీ నన్ను నేను నమ్మను. ఆ వాకిట్లో అడుగుపెట్టగానే మళ్లీ నోరు పడిపోవచ్చు. అందుకే వెనక్కి తగ్గే దారి లేకుండా ముందే మీ అందరికీ చెప్పేస్తున్నాను. నేను చేరేలోపు ఎవరైనా ఆమెకు ఇది చదివి వినిపించినా మంచిదే.

వెళ్లిరా తమ్మీ.

నీకు శాంతి కలగాలి. నాకు అప్పుడే వద్దు.