సడ్డకుడు చేసిన బ్లాకు

చెప్పుకుంటే సిగ్గు గానీ, నా సడ్డకుడు ఇంజన్ హెడ్డును నీళ్ళ డ్రమ్ములో ముంచిన ప్రతిసారీ నేను పక్కనే నిలబడి బుడగలు రావాలని మొక్కుకునేవాణ్ణి. సడ్డకుడంటే మా ఆవిడ చెల్లెలి భర్త. హెడ్డంటే సిలిండర్ బ్లాకు మీద మూతలా కూర్చునే ముక్క. దాని దారులన్నీ రబ్బరు బిళ్ళలతో మూసి, లోపలికి గాలి పట్టించి, నీళ్ళలో ముంచేవాడు. పోత పోసిన లోహంలో ఎక్కడైనా సన్న బొక్క ఉంటే బుడగలు లేస్తాయి. లేచాయా, ఆ హెడ్డు తుక్కులోకే. మొదట్లో బాగానే లేచాయి. పైకి "అయ్యో తమ్మీ, మళ్ళ పాయె గదా" అనేవాణ్ణి. లోపల మాత్రం కడుపులో చల్ల పోసినట్టుండేది.

గోదావరిఖనిలో నాది బోరింగ్ షాపు. అరిగిపోయిన సిలిండర్‌ను మళ్ళీ గుండ్రంగా కోసి, నున్నగా చేసి ఇవ్వడం నా పని. మా దగ్గర ఇంజన్లు తొందరగా అరుగుతాయి. గాలి నిండా బొగ్గు పొడే కదా. జనం ఆ దుమ్మును తిట్టుకుంటారు, నాకు మాత్రం అన్నం పెట్టింది అదే. శ్రీరాంపూర్ నుంచి, గోలేటి నుంచి కూడా టిప్పర్ల బ్లాకులు ఆటోల్లో వేసుకుని వచ్చేవాళ్ళు. "గాయన చెయ్యి పడ్డదంటె ఇంజన్ మళ్ళ పుట్టినట్టే" అని మెకానిక్కులు అనేవాళ్ళు. నేను ఆ మాట నమ్మాను. ఎందుకు నమ్మను? నిజమే కదా!

ఇలా ఉండగా హైదరాబాద్‌లో కంప్యూటర్ మిషన్ల మీద పనిచేసిన నా సడ్డకుడు ఊరికి తిరిగొచ్చి, రామగుండం రోడ్డులో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నాడు. రిపేర్లు చేయడట. కొత్త బ్లాకులు, కొత్త హెడ్లు తయారు చేస్తాడట. ఒక పాత మోడల్ మోటార్ సైకిల్ ఉంది, మట్టి రేసులు ఆడే పిల్లలకు దానిమీద పిచ్చి. ఫ్యాక్టరీ ఇచ్చిన బ్లాకు పీకేసి, పెద్ద పిస్టన్ పట్టే బ్లాకు, గాలి ఎక్కువ మింగే హెడ్డు పెడితే ముసలి ఎద్దు కూడా కోడెలా ఉరుకుతుంది. అలాంటి సామాను అమ్మే ఒక సేటు హైదరాబాద్‌లో ఉన్నాడు. పొగ కొట్టకుండా నడిచే బ్లాకు ఒక్కటి చూపించు, లాటుకు లాటు నేనే తీసుకుంటా అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని మనవాడు అల్యూమినియం పోతలు తెప్పించి పనిలో దిగాడు.

దిగితే దిగాడు, నాకేం? అదే కదా! మా మామ బొగ్గు గని అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. సాయంత్రం బస్టాండు దగ్గర హోటల్లో కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ "మా చిన్నల్లుడు ఇంజన్లనే పుట్టిస్తడు" అని చెప్పేవాడు. ఒకరోజు నేను లోపలికి అడుగుపెడుతుండగా ఎవరో అడిగారు, "మరి పెద్దల్లుడేం జేస్తడే?" అని. "గాయన రిపేర్ జేస్తడు" అన్నాడు మామ, అదేదో చిన్న జబ్బు గురించి చెబుతున్నట్టు. చాయ్ తాగకుండానే వెనక్కి తిరిగాను.

ఇంటికొస్తే మా ఆవిడ. "నువ్వు సుత గట్ల కొత్తదేదన్న చెయ్యరాదు?" అంది. ఆ రోజు కూరలో ఉప్పు లేదని కంచం నెట్టేశాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

అసలు సంగతేమిటంటే నా షాపుకు బ్లాకులు తగ్గిపోయాయి. ఇప్పుడొచ్చే టిప్పర్లకు ఇంజన్ పోతే బోరు చేయించే ఓపిక ఎవరికీ లేదు, మొత్తానికి మొత్తం మార్చేస్తున్నారు. నా బోరింగ్ మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచే రోజులు ఎక్కువయ్యాయి. సరిగ్గా అప్పుడే సడ్డకుడు ఒక పొద్దున రెండు కొత్త బ్లాకులు చంకలో పెట్టుకుని వచ్చాడు. హెడ్లు గట్టిపడ్డాయి, బుడగలు ఆగిపోయాయి. నా మొక్కులు దేవుడు వినలేదు.

"అన్నా, లైనర్లు గూడ దిగ్గొట్టిన. బోరు మాత్రం నీ చేతి మీదనే గావాలె" అన్నాడు. లైనరంటే బ్లాకులో పిస్టన్ ఆడే ఇనుప గొట్టం.

"నాకు యాడ తీరుతది తమ్మీ" అంటూనే బ్లాకు లాక్కున్నాను. లోపల గంతులే! చూశావా, లక్షణంగా కంప్యూటర్ మిషన్ పెట్టుకున్నాడు, చివరికి ఎవరి చెయ్యి కావలసి వచ్చింది? ఆ రాత్రి మా ఆవిడకు ఆ మాట రెండుసార్లు చెప్పాను. ఆమె తల వంచుకుని "మంచిదే గదా" అంది.

బోరు చేశాను. నా జన్మలో అంత గుండ్రంగా ఏ బ్లాకూ చేయలేదు. గేజు లోపలికి దింపి తిప్పితే ముల్లు కదిలితే ఒట్టు. సడ్డకుడు దాన్ని బండికి ఎక్కించి, గోదావరి బ్రిడ్జి దాకా పోయి వచ్చాడు. పోయేటప్పుడు సింహంలా పోయింది. వచ్చేటప్పుడు వెనకాల నీలం పొగ! విప్పి చూస్తే పిస్టన్ మీద అక్కడక్కడ గీతలు. చుట్టూ చేరిన మెకానిక్కులు పిస్టన్ చూసి నావైపు తిరిగారు.

"పోతల మచ్చ ఉన్నది. తప్పు నాదే. అన్న బోరుకు వంకలేదు" అన్నాడు సడ్డకుడు, అందరికీ వినబడేలా.

రెండో బ్లాకు నా మిషన్ మీద పెడుతుంటే మెల్లగా దగ్గరికొచ్చాడు. "అన్నా, జెర హెడ్డు బిగించినట్టు బిగించి కోస్తె ఎట్లుంటదంటవ్?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు నాకు బోరు నేర్పుతున్నవా రా? నీకు నిక్కరు తొడగరానప్పటి సంది కోస్తున్న నేను!" అన్నాను. సడ్డకుడు షెడ్డుకు వెళ్ళిపోయాడు. రెండోదీ పొగ కొట్టింది. అప్పుడు కూడా తప్పు పోతదేనని తనమీదే వేసుకున్నాడు.

కానీ ఊరి నోరు మూయగలమా? మామ ఇంట్లో దావత్ జరిగింది. సేటు ఫోన్ చేసి, ఈసారి కూడా పొగ వస్తే వేరేవాళ్ళ దగ్గర తీసుకుంటానన్నాడని సడ్డకుడు చెప్పాడు. మామ ఎముక చప్పరిస్తూ నావైపు చూశాడు. "అంగట్ల అన్నీ ఉన్నా అల్లుని నోట్లె శని అన్నరు. ఇగ మా పెద్దల్లుని చెయ్యి దిగినట్టుంది" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. అందరూ నవ్వారు. నేను చేతిలో మాంసం ముక్క మళ్ళీ కంచంలో పెట్టేశాను. నాకున్నదల్లా ఆ చెయ్యి ఒక్కటే. అదీ పోతే నేనెవణ్ణి?

తప్పు హెడ్డుదని నిరూపించాలని పంతం పట్టాను. ఆదివారం షట్టరు సగం దించుకుని, పొగ కొట్టిన బ్లాకును బల్లమీద పెట్టాను. గేజు వేశాను. గుండ్రమే. దానిమీద సడ్డకుడి హెడ్డు పెట్టి, బండిలో ఎలా బిగిస్తారో అలాగే నట్లు బిగించి, కింది నుంచి గేజు దూర్చాను. ముల్లు పక్కకు జరిగింది.

గడియారం చూసి నవ్వుకున్నాను. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ వేళ. ఆ వేళకు మా ఊళ్ళో బోరింగ్ వాళ్ళెవరూ గేజు పట్టరు. నేల అదురుతుంది, ముల్లు అబద్ధం చెబుతుంది. అందుకే ఎంత పెద్ద గిరాకీ తొందరపెట్టినా గేజు గుడ్డమీద పెట్టి చాయ్ తాగుతాం. నేనూ తాగాను. దూరంగా ధడేల్మంది, రేకులు గలగలమన్నాయి, దుమ్ము రాలింది. అంతా సద్దుమణిగాక మళ్ళీ గేజు వేశాను. ముల్లు మళ్ళీ అక్కడికే జరిగింది.

నట్లు వదులు చేస్తే గుండ్రం. బిగిస్తే నాలుగు బోల్టుల దగ్గరా నొక్కుకుపోతోంది.

నేను ఇన్నేళ్ళూ కోసింది టిప్పర్ల బ్లాకులు. మందపాటి బీడు ఇనుము. ఎంత బిగించినా చలించదు. ఇది పలచటి అల్యూమినియం, పైగా పెద్ద పిస్టన్ కోసం గోడ ఇంకా సన్నగా చేసిన బ్లాకు. ఒట్టిగా ఉన్నప్పుడు నేను గుండ్రంగా కోస్తే, బిగించగానే వంకరపోతుంది. హెడ్డు బదులు ఒక మందపాటి ఇనుప ప్లేటు బిగించి, ఆ బిగువులోనే బోరు కోయాలి. అంతే సంగతి!

అంతే సంగతి కాదు. నేను ఈ మాట బయటపెడితే వాడి బ్లాకు నిలబడుతుంది. సేటు లాటు తీసుకుంటాడు. మామ హోటల్లో ఇంకా గట్టిగా అరుస్తాడు. బయటపెట్టకపోతే నా చెయ్యి దిగిపోయిందని శ్రీరాంపూర్ దాకా చెప్పుకుంటారు. నా పేరు నిలవాలంటే వాడు గెలవాలి. ఇంతకంటే దరిద్రం ఉంటుందా? చాలాసేపు ఆ బ్లాకును చూస్తూ తిట్టుకుంటూ కూర్చున్నాను.

చివరికి చెప్పాలనే నిశ్చయించుకున్నాను. కానీ ఊరికే చెబుతానా? మామను బండి వెనక ఎక్కించుకుని షెడ్డుకు తీసుకుపోయాను. రిపేర్లు చేసే అల్లుడు, పుట్టించే అల్లుడికి పాఠం చెబుతుంటే ఆయన కళ్ళారా చూడాలి.

"దొరికింది తమ్మీ! నీ బ్లాకు ఎందుకు పొగ కొడుతుందో నాకు దొరికింది!" అని గుమ్మంలోనే కేక వేశాను. సడ్డకుడు మిషన్ ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఎలా బిగించాలో చూపించడానికి అక్కడ ఏదైనా ఇనుప ముక్క దొరుకుతుందేమోనని మూలకు చూశాను.

మూలన ఒక ప్లేటు గోడకు ఆనించి ఉంది. మందపాటి ఇనుప ప్లేటు. మధ్యలో పిస్టన్ పట్టేంత రంధ్రం, చుట్టూ నాలుగు బోల్టు రంధ్రాలు. పక్కనే దాన్ని బల్లకు బిగించే పాదాలు. ఆ పాదాల కొలత చూడగానే పోల్చుకున్నాను. ఈ షెడ్డులో మిషన్‌కు అవి పట్టవు. అవి నా బోరింగ్ మిషన్ బల్లకు సరిపోయేలా చేసినవి. ప్లేటు అంచుల్లో తుప్పు పట్టి ఉంది. అంటే నిన్నా మొన్నా చేసింది కాదు.

వంగి ఆ అంచును వేలితో గీకి చూశాను.

"గదేంది బిడ్డా, గా ప్లేటు?" అన్నాడు మామ.

సడ్డకుడు నా మొహం చూశాడు, ప్లేటు చూశాడు. "గదా మామా? బోరు కోసేటప్పుడు బిగించే ప్లేటు. అన్ననే జెయ్యమన్నడు. గది లేకనే పొగ కొట్టిందని ముందుగాల కనిపెట్టింది అన్ననే" అన్నాడు. మామ నా భుజం చరిచి, "గట్లుండాలె!" అని, చాయ్ చెప్పి వస్తానని బయటికి పోయాడు.

"ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"అన్న గదా అని అడగబోయిన. జెర కోపం జేసినవ్. మళ్ళ ఎట్ల జెప్పాల్నో తెల్వలే."

"నీ మిషన్ మీద నువ్వే కోసుకుంటే అయిపోవు గదా!"

అతను నేల చూశాడు. "అయిపోతుండె. కని నీ దగ్గర పని తక్కువైందని వదినె మా ఇంటామెతోని అన్నదట. బోరు నీకే ఇయ్యాల్నని నేనే అనుకున్న."

ఆ క్షణంలో అతను నన్ను కొట్టినా బాగుండేది.

ఆ ప్లేటు నా మిషన్ మీదికి ఎక్కించి మూడో బ్లాకు కోశాను. మంచిర్యాల పోయి వచ్చినా పొగ లేదు. సేటు లాటు చెప్పాడు, తర్వాత ఇంకోటి చెప్పాడు. మొదటి పెట్టెలు పార్సిల్ బండికి ఎక్కించిన రోజు సేటు ఫోన్లో బోరు ఎవరు చేశారని అడిగాడు. "మా అన్న. మా బొగ్గు బెల్టుల గసొంటి చెయ్యి ఇంకోటి లేదు" అన్నాడు సడ్డకుడు. నేను పక్కనే ఉన్నాను. ఆ మాట నా కోసం అన్నట్టు కూడా లేదు. నిజమని నమ్మే అన్నాడు.

ఇంటికి షేర్ ఆటోలో పోతుంటే, పెట్టెలు చూడడానికొచ్చిన మా ఆవిడ చెవి దగ్గర అడిగింది, "ఇప్పుడన్న సల్లవడ్డదా నీ కడుపుమంట?"

"లేదు" అన్నాను. "ఇంక ఎక్కువైంది."

"మళ్ళేంది?"

"అప్పుడు వాని మిషిని జూసి కుళ్ళుకున్న. మిషిని ఎన్నడన్న కొనుక్కోవచ్చు. ఇప్పుడు వాని గుణం జూసి కుళ్ళుకుంటున్న. గది యాడ దొర్కుతది నాకు?"

నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు.