సున్నాని అరవై చేసిన మాస్టారు

మా కంప్యూటర్ మాస్టారు పోయారని మొన్న ఆదివారం ఫోనొచ్చింది. తాడేపల్లిగూడెంలో ఆరు కంప్యూటర్లు, ఒక్క ఫ్యానుతో మా అందరికీ చదువు చెప్పిన మనిషి. మమ్మల్నే కాదు, మొరాయించిన ప్రింటర్ని కూడా "కాస్త కదలండి" అనేవారు. గుమ్మం దగ్గర రోజూ ఒకటే ప్రశ్న: "ఏమీ మర్చిపోలేదు కదండీ?"

మర్చిపోయేవాళ్లం, కంప్యూటర్ సరిగ్గా ఆపడం. ఏలూరు పాసింజరు కోసం పరిగెడుతూ గోడమీద స్విచ్చు తీసేసేవాళ్లం. "మాట్లాడుతున్న మనిషి నోరు నొక్కినట్టుందండీ" అని ఆయన విలవిల్లాడేవారు.

చివరికి ఉపాయం నేర్పారు. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, న్యూ, షార్ట్‌కట్. అక్కడ షట్‌డౌన్ అని కొట్టి, గీత ఎస్, గీత ఎఫ్, గీత టి, సున్నా. ఎస్ అంటే ఆపు, ఎఫ్ అంటే ఎవరి మాటా వినకు, టి అంటే ఎన్ని సెకన్లకి, సున్నా అంటే ఇప్పుడే. దానికి "ఇంటికి" అని పేరు. రెండు నొక్కులు నొక్కితే మనం రైల్లో.

ఇంత గొప్ప విద్య నాలాంటి వాడి చేతిలో పడింది. మాస్టారి కంప్యూటర్లో అలాంటిదే ఇంకోటి చేసి "మార్కులు" అని పేరు పెట్టాను, దొంగచూపులు చూసే మావాళ్ల కోసం. నొక్కింది మాస్టారు. ఆ కంప్యూటర్లోనే పొద్దుటినుంచి సేవ్ చెయ్యకుండా కొడుతున్న ఓ సీనియర్ అక్క ప్రాజెక్టు ఉంది.

"నాలుగింటికి కాలేజీలో ఇవ్వాలి మాస్టారూ!" ఆవిడ ఆరిపోయిన తెర చూపించింది.

"నొక్కింది నేనేనండీ, తప్పు నాది" అని ఆయన నావైపు తిరిగారు. "మీరు వేగంగా కొడతారు కదా, కూర్చోండి."

ఆయన చదివారు, నేను కొట్టాను. పేజీ పేజీకీ "సేవ్ చేశారా అండీ?" మూడున్నరకి అక్క కాగితాలు పట్టుకుని పరిగెత్తింది. నేను మాత్రం నోరు విప్పలేదు.

మర్నాటికి అన్ని కంప్యూటర్లలోనూ "ఇంటికి"లో సున్నా పోయి అరవై వచ్చింది. "తొందరలో ఉన్నవాళ్లకే ఒక నిమిషం ఎక్కువ కావాలండీ" అన్నారు. ఈరోజు నా ఉద్యోగం, అందులో నా పరువు ఆ నిమిషం చలవే.

పలకరించడానికి వాళ్లింటికి వెళ్తే మాస్టారి భార్య, మా అమ్మగారు, లోపలికి తీసుకెళ్లారు. "ఆయన కంప్యూటరు అలాగే వెలుగుతోంది బాబూ. స్విచ్చు తీసేస్తే ఒప్పుకోరుగా. కాస్త ఆపి పెడతారా?"

"ఇంటికి" నొక్కాను. సెకన్లు లెక్కపెట్టే పెట్టె వచ్చింది. దాని కింద, ఎప్పుడు చేర్చారో, ఇంగ్లీషు అక్షరాల్లో మాస్టారి ప్రశ్న: ఏమీ మర్చిపోలేదు కదండీ?

"అమ్మగారూ, ఆ రోజు 'మార్కులు' పెట్టింది నేనే."

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. "మరి అంతమందిలో టైపింగుకి మిమ్మల్నే ఎందుకు కూర్చోబెట్టారనుకున్నారు?"

ఇంకా ముప్పై సెకన్లున్నాయి. గోడ స్విచ్చు వైపు ఎవరమూ వెళ్లలేదు.