వెనక సీటు పాఠం

మా బావని అందరూ బ్రేకు మాస్టారు అంటారు. ఇరవై ఏడేళ్లుగా డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతున్నాడు. స్కూలు కారులో ఆయన కూర్చునే పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు గాభరా పడేలోపే ఈయన కాలు దాని మీద పడుతుంది. కేకలు వెయ్యడు, స్టీరింగు లాక్కోడు. కారు ఆగాక, "ఏం పర్లేదు, మళ్లీ స్టార్ట్ చెయ్యి" అంటాడు, అంతే. ఆయన బూట్లలో కుడిది ఆరు నెలలకే అరిగిపోతుంది, ఎడమది కొత్త పెళ్లికొడుకులా మెరుస్తూనే ఉంటుంది.

ఆఖరి రోజు మాత్రం ఆయన పద్ధతి వేరు. కారు పక్కకి ఆపించి, దిగి, వెనక సీట్లోకి వెళ్లి కూర్చుంటాడు. అక్కడికి బ్రేకు అందదు. పది నిమిషాలు నోరు మెదపడు. ఆ పది నిమిషాలూ సవ్యంగా గడిస్తే, లైసెన్సు ఎప్పుడొచ్చినా, బావ లెక్కలో వాడికి బండి వచ్చేసినట్టే. దాన్ని వెనక సీటు పాఠం అంటారు. వేలమందికి ఆ భాగ్యం కలిగింది. కలగనివాళ్లలో నాకు బాగా తెలిసినవాళ్లు ఇద్దరు. ఒకడు నేను, రెండోది మా అక్క, అంటే ఆయన భార్య.

నా సంగతి న్యాయమే. మూడుసార్లు నేర్చుకున్నాను, మూడుసార్లూ స్కూలు గేటునే గుద్దాను. నాలుగోసారి వెళ్తే బావ దణ్ణం పెట్టి, బస్సులు బోలెడున్నాయి కదరా అన్నాడు. అక్క అలా కాదు. పెళ్లయిన మూడో ఏడు ఆయన దగ్గరే నేర్చుకుని, మొదటి పరీక్షలోనే లైసెన్సు తెచ్చుకుంది. కానీ ఆమె నడిపినప్పుడల్లా బావ పక్కన కూర్చుని కాలితో నేలని తొక్కుతూనే ఉండేవాడు. సొంత కారులో రెండో బ్రేకు లేదన్న సంగతి ఆయన బుర్రకి తెలుసు, కాలికి తెలీదు. ఆ టకటక భరించలేక అక్క ఒకరోజు తాళాలు ఆయన చేతిలో పెట్టేసింది. లైసెన్సు మాత్రం గడువు దాటనిచ్చేది కాదు. ఎందుకని అడిగితే, ఉండనీ అనేది.

మొన్న సెలవులకి ముగ్గురం సముద్రం దగ్గర రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకుని ఐదు రోజులున్నాం. ఇంటికి తొమ్మిది గంటల దారి. పొద్దున్నే చెప్పుల్లో, బూట్లలో ఇసుక దులిపి, ఆరని తువ్వాళ్లు వెనక అద్దం కింద పరిచి బయల్దేరాం. బావ స్టీరింగు దగ్గర, అక్క ఆయన పక్కన, నేను వెనకాల సంచుల మధ్య.

ఊరు దాటగానే బావ నాకో పని పెట్టాడు. దారి పక్క బోర్డులన్నీ పైకి చదవాలట. కాలక్షేపంగా ఉంటుంది, నిద్ర రాదు అన్నాడు. నాకూ పొద్దుపోవాలి కనక చదువుతూ పోయాను. ఇరుకు వంతెన. ముందు మలుపు ఉంది. వేగం తగ్గించండి. నేను చదివాకే ఆయన తగ్గించేవాడు. మూడు గంటలు చదివేసరికి గొంతు ఎండిపోయి, మంచినీళ్ల సీసా అందుకున్నాను. రోడ్డు మరమ్మతుకని అడ్డంగా పెట్టిన పీపా సరిగ్గా అప్పుడే ఎదురైంది. బావ తప్పించలేదు. పీపా తగిలి పక్క అద్దం టప్పున మడతపడింది.

అక్క అరవలేదు. ముందు ఏ టీ దుకాణం కనిపిస్తే అక్కడ ఆపమంది. టీ తాగేదాకా ఆగింది. గ్లాసు కింద పెట్టి, "పీపా కనపడలేదు కదూ?" అని అడిగింది.

ఎండ కళ్లలో పడిందని బావ నీళ్లు నమిలాడు. ఎండ మన వెనక ఉందంది అక్క. ముందు అద్దం మురికిగా ఉందన్నాడు. పొద్దున తనే తుడిచానంది.

"వారం రోజులుగా స్నానాల గదిలో మీరేం బట్టీ పడుతున్నారో నాకు తెలుసు. కంటి పరీక్ష బోర్డు మీది అక్షరాలు. పై వరస వినీ వినీ నాకు కూడా వచ్చేసింది."

నాకప్పుడు విషయం బోధపడింది. సోమవారం స్కూల్లో మాస్టార్లందరికీ కంటి పరీక్ష. ఏటేటా అదే గది, అదే బోర్డు. నిరుడు పరీక్ష అయ్యాక ఈయన ఆ వరసలన్నీ కాగితం మీద రాసుకొచ్చాడట. కళ్లలో పొర కమ్ముతోందని ఏడాదిగా తెలుసు. ఆపరేషనంటే భయం. స్కూలు కారులో ఆ పక్క సీట్లోంచి ఒకసారి లేస్తే మళ్లీ కూర్చోనివ్వరేమోనని అంతకంటే భయం. ఆ సీటు లేకపోతే తనెవరో ఆయనకే తెలీదు. నాకు జాలీ వేసింది, ఒళ్లూ మండింది. ఏడాదిగా ఊళ్లోవాళ్లకి బండి నేర్పుతున్నది ఈ కళ్లతోనా అని అడగబోయాను. అక్క నావైపు చూసిన చూపుకి, ఖాళీ గ్లాసులు తిరిగి ఇవ్వడానికి లేచాను.

"తాళాలివ్వండి," అంది అక్క.

ఇంకా ఆరు గంటల దారి ఉందన్నాడు, కొండ దిగాలన్నాడు, నీకు అలవాటు తప్పిందన్నాడు. ఎవరి పుణ్యమా అని తప్పిందో అక్క అనలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచింది. చివరికి ఇచ్చాడు.

మొదట్లో గేరు రెండుసార్లు మూలిగింది. పక్క సీటు కింద టకటక షరా మామూలే. నేను బోర్డులు చదవబోతే, నాకు కనిపిస్తున్నాయిరా, నువ్వు పడుకో అంది అక్క.

కొండ దిగుతుండగా, మలుపులో ఆగి ఉన్న బస్సొకటి సిగ్నలైనా ఇవ్వకుండా రోడ్డు మీదికి వచ్చేసింది. మా కారు కీచుమని, దానికి రెండు బారల దూరంలో ఆగింది. సంచులన్నీ నా మీద పడ్డాయి.

బావ నింపాదిగా ఊపిరి వదిలాడు. స్కూల్లో మాట్లాడే గొంతుతో, "ఏం పర్లేదు. నేను తొక్కేశాను. మళ్లీ స్టార్ట్ చెయ్యి," అన్నాడు.

ఆయన కిందికి చూసుకున్నాడు. కుడి బూటు కింద రబ్బరు పట్టా ముడుచుకుపోయి ఉంది, దాని మీద కాస్త ఇసుక. అంతకుమించి అక్కడేమీ లేదు. చాలాసేపు దాన్నే చూశాడు. అక్క కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది.

"బస్సు మీకు కనపడిందా?" అని అడిగింది అక్క.

"కారు ఆగాక కనపడింది."

తర్వాత, కొంచెం పక్కకి తీసి ఆపమన్నాడు. దిగి, వెనక తలుపు తీశాడు. నేను సంచులు ఒళ్లోకి లాక్కుని జరిగాను. ఆయన వచ్చి కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు, చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. అక్క లోపలి అద్దంలో ఆయన్ని చూసింది. ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి. ముంజేత్తో తుడుచుకుని కారు స్టార్ట్ చేసింది.

నేను గడియారం చూస్తూనే ఉన్నాను. పది నిమిషాలు అయ్యాయి. గంట అయింది. ఆయన ముందుకి వెళ్తాననలేదు. కాలు ఒక్కసారి కూడా కదపలేదు. ముందు సీటు ఖాళీగానే ఇంటిదాకా వచ్చింది.

మా వీధి మొదట్లో బావ నోరు విప్పాడు.

"సోమవారం నువ్వే తీసుకెళ్లు. కనపడినవే చదువుతాను."

"తీసుకెళ్తాను," అంది అక్క, అద్దంలోకి చూస్తూ. "వెనక సీట్లోంచి మాట్లాడకూడదు కదండీ."