దొరసాని పుట్టినరోజు అబ్బాయిచూపులు

నాకు పెళ్ళిచూపులంటే పరమ చిరాకు. ఇరవై ఏడేళ్ళు వచ్చేసరికి పదకొండు అయ్యాయి. పదకొండుసార్లూ అదే జరీచీర, అదే ట్రే, అవే కాఫీ గ్లాసులు. వచ్చినవాళ్ళు పాట వచ్చా అనేవారు, వంట వచ్చా అనేవారు, కాస్త నడిచి చూపించమనేవారు. ఒకావిడైతే జడ సొంతమేనా అని పట్టుకుని లాగి చూసింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ అందరిదీ ఒకటే మాట: "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామండీ." ఆ మాటకి అర్థం మా ఇంటి గోడలకి కూడా తెలుసు. ఒక్క ఉత్తరమూ రాలేదు.

మధ్యలో ఎవరో ఒక పెద్దాయన మర్యాదకి "అమ్మాయి ఏమైనా అడుగుతుందేమో అడగనివ్వండి" అనేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. అడగాలని లేక కాదు. నా దగ్గర ఒక్క ప్రశ్న ఉండేది: పెళ్ళయ్యాక నన్ను చదువుకోనిస్తారా అని. పరీక్షల చదువు కాదు, ఊరికే, నాకిష్టమైన పుస్తకం పట్టుకుని ఓ మూల కూర్చోవడం. అడిగితే పిల్లకి పొగరంటారని భయం. పదకొండుసార్లూ ఆ ప్రశ్న మింగేశాను.

ఇదంతా తొంభైల నాటి మాట. మద్దిలపాలెంలో మేడ మీద వాటా మాది. నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను పోర్టు దగ్గర ఓ షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో టైపిస్టుని. బస్సు డిపో వెనక ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. జీతం వచ్చే ఆఫీసు కన్నా నాకు ఆ షాపే ఎక్కువ ఇష్టం. దొరసాని నాకు అక్కడే దొరికింది.

దొరసాని అంటే రెండు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు రచయిత్రి. ఆ పేరు తర్వాత కలిసిన నా నేస్తాలూ నేనూ పెట్టుకున్నదే. ఆవిడ నవలల్లో ఎప్పుడూ ఒకటే గొడవ: పెళ్ళీడుకొచ్చిన అమ్మాయిలు, నోరు మెదపని కుర్రాళ్ళు, నోరు మూయని మేనత్తలు, వాన, టీ, ఉత్తరాలు. డిక్షనరీ పక్కన పెట్టుకుని మొదటి నవల చదవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అయినా ఎక్కడా పరాయిగా అనిపించలేదు. అంత దూరాన ఉన్న మనిషికి మా పెద్దత్త సంగతి ఎలా తెలిసిందా అని నవ్వుకున్నాను.

అద్దె పుస్తకాలు చదివేవాళ్ళకి ఓ అలవాటు ఉంటుంది. చదివిన పుస్తకమే మళ్ళీ తెచ్చుకోకుండా ఏదో ఒక పేజీలో ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకుంటారు. నాది ముప్పయ్యో పేజీలో చిన్న సున్నా. దొరసాని పుస్తకాల్లో ఇంకో రెండు గుర్తులు కనిపించేవి, ఎర్ర సిరాతో టిక్కు, పెన్సిలుతో చేప. అదీ ఒక్కోటి కాదు, ఒకే పుస్తకంలో నాలుగు టిక్కులు, ఐదు చేపలు. చదివామని తెలిసి కూడా మళ్ళీ మళ్ళీ పట్టుకెళ్తున్నారంటే వీళ్ళదీ నాలాంటి పిచ్చేనన్నమాట. షాపాయన్ని అడిగితే, టిక్కు పెందుర్తిలో ఉండే రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారిదని చెప్పాడు. చేప ఎవరిదో చెబితే నమ్మలేక రెండోసారి అడిగాను. మా ఆఫీసులోనే నా వెనక కుర్చీలో కూర్చునే అమ్మాయిది. వాళ్ళది ఫిషింగ్ హార్బర్ దగ్గర వేటకెళ్ళే కుటుంబం, వాళ్ళమ్మ రోజూ చేపల వేలం దగ్గర ఉంటుంది.

మర్నాడు ఆఫీసులో "నువ్వా?" అన్నాను ఆ పిల్లతో.

"ఏటి, నాను సదవకూడదేటి? మూడేళ్ళ నుంచి నీ ఎనకాలే కూకుంటన్నాను. ఏటి సదువుతన్నావని ఒక్కపాలైనా అడిగినావా?" అంది.

నాకు సిగ్గేసింది. ఆ రోజే ఇద్దరం పెందుర్తి బస్సెక్కి టీచరుగారింటికి వెళ్ళాం.

డిసెంబరులో దొరసాని పుట్టినరోజు చెయ్యాలని టీచరుగారు తీర్మానించారు. ఎలా చెయ్యాలో ఎవరికీ తెలీదు. దండ వేద్దామంటే పటం లేదు. ఎవరికైనా చెబితే నవ్వుతారు. అప్పటికి నా పెళ్ళిచూపులు ఆరో ఏడో అయ్యాయి, వొళ్ళు మండి ఉన్నాను. "ఆవిడ జీవితమంతా సంబంధాల గురించే రాసింది కదా, మనం ఆవిడ కుర్రాళ్ళకి చూపులు పెడదాం" అన్నాను.

అలా పుట్టాయి అబ్బాయిచూపులు. ఏటా ఒక నవలలోంచి ఒక కుర్రాణ్ణి పిలుస్తాం. మాలో ఒకరు వాడి వేషం కట్టాలి. ట్రే పట్టుకుని తల వంచుకుని రావాలి, కాఫీ ఇవ్వాలి, నడవమంటే నడవాలి, పాడమంటే పాడాలి. మిగతావాళ్ళం ఆడపెళ్ళివారం. కుర్చీల్లో వెనక్కి వాలి ప్రశ్నలు వేస్తాం. ప్రశ్నల సరఫరా నాదే, నాకు ఎదురైన వాటిలో ఒక్కటీ వదల్లేదు. కుర్రాడు ఎంత గొప్పవాడైనా సరే, చివర్లో టీచరుగారు చెప్పులేసుకుంటూ "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం" అనాలి. అది నియమం. చాలా ఏళ్ళ దాకా ఒక్కడూ నెగ్గలేదు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వుకునేవాళ్ళం, నా మనసులో మంట కూడా కాస్త చల్లారేది.

పన్నెండో సంబంధం వచ్చిన ఏడాది ఆట మా ఇంట్లో పెట్టుకున్నాం, టీచరుగారింట్లో సున్నాలు వేస్తున్నారని. ఆ సంబంధం మీద నాన్న గంపెడాశ పెట్టుకున్నారు. కృష్ణా జిల్లావాళ్ళు, అబ్బాయి స్టీల్ ప్లాంటులోనే ఇంజనీరు. తండ్రి లేడు, తల్లీ కొడుకూ వస్తారు. "ఈ ఒక్కసారి మొహం మామూలుగా పెట్టమ్మా" అన్నారు నాన్న నాతో. నన్ను తిట్టే మనిషి అలా బతిమాలేసరికి సరేనన్నాను. వాళ్ళు రావాల్సింది సోమవారం సాయంత్రం. మా ఆట ఆదివారం మధ్యాహ్నం.

సోమవారం నుంచే ధనుర్మాసమని, నెల పట్టాక పెళ్ళిమాటలు కూడదని ఎవరో పంతులుగారు ఆ అబ్బాయి తల్లి చెవిన వేశారట. మాకు ఫోను లేదు, కబురు చేసే దారి లేదు. సరే, ఒకరోజు ముందే చూసి వచ్చేద్దామని ఆదివారమే బయల్దేరారు. నాన్న డ్యూటీలో ఉన్నారు. అమ్మ మర్నాటికి పళ్ళూ పువ్వులూ కొనడానికి మార్కెట్టుకి వెళ్ళింది. తలుపు తీసింది నా చేపల నేస్తం. ఆ ఏడు టీచరుగారు పుస్తకాల షాపాయన చేత ఇద్దరు కొత్తవాళ్ళకి కబురంపారు, వాళ్ళ మొహాలు మాలో ఎవరికీ తెలీవు, వీళ్ళే వాళ్ళనుకుంది.

"రండి రండి, మీకోసమే సూత్తన్నాం" అని కుర్చీలు చూపించింది. మనకోసమే కదా చూస్తారు అనుకుని వాళ్ళూ కూర్చున్నారు.

ఆ ఏడు కుర్రాడి వేషం నాది, వంటింట్లోంచి వచ్చాను. ఒంటి మీద కింది వాటా లాయరుగారి నల్లకోటు, మెడకి గంజిపెట్టిన తెల్ల చున్నీ, చెవుల పక్కన కాటుకతో దిద్దిన చెంపల జుట్టు. కాళ్ళకి నాన్న ప్లాంటుకి వేసుకెళ్ళే ఇనుప ముక్కు సేఫ్టీ బూట్లు, పాత జత. కొత్తవాళ్ళిద్దరినీ చూసి పరవాలేదు, సభ నిండుగా ఉంది అనుకుని తల వంచుకుని కాఫీ ఇచ్చాను.

"కాస్త నడిచి చూపించు నాయనా" అన్నారు టీచరుగారు. నడిచాను. బూట్లు పెద్దవి, ఈడ్చుకుంటూ నడిచాను.

"జుత్తు సొంతవేనా? ఓపాలి లాగి సూడొచ్చా?" అంటూ నా నేస్తం లాగనే లాగింది. "ఎప్పుడూ మూతి ముడుసుకునుంటావంట, ఏటి బాబూ నీ బాద?"

"సిగ్గండీ" అన్నాను బొంగురు గొంతుతో.

ఆ అబ్బాయి నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పక్కనున్న ఆవిడ మొదట కనుబొమలు ముడిచి చూసింది. కాసేపటికి భుజాలు కదిలాయి. ఇంకాసేపటికి బళ్ళో పిల్లలా చెయ్యెత్తి "నేనొకటి అడగొచ్చా?" అంది.

"అడక్కపోతే ఎలా? మీరూ ఆడపెళ్ళివారే" అన్నారు టీచరుగారు.

ఆవిడ నా వైపు తిరిగింది. మొహంలో నవ్వు లేదు. "మా అమ్మాయి పుస్తకం చదువుకుంటూ ఉంటే నువ్వు లాక్కుంటావా బాబూ?"

పదకొండుసార్లు మింగిన ప్రశ్న, ముక్కూ మొహం తెలియని ఆవిడ నన్నే అడుగుతోంది. ఆటలో ఉన్నానన్న సంగతి మర్చిపోయాను. "లాక్కోనండీ. ఆ పేజీ అయ్యేదాకా కాఫీ కూడా అడగను" అన్నాను. గొంతు నాదే వచ్చింది.

ఆవిడ తలూపింది. "బాగుంది. ఇంతకీ పెళ్ళికూతురేదమ్మా? ఎంతసేపైనా తీసుకురారేం?"

ఆ మాట పూర్తయ్యేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. నన్ను చూసింది, వాళ్ళని చూసింది, సంగతి అర్థమై అరటిపళ్ళ సంచీతో సహా గడప మీద కూలబడింది.

"నేనేనండీ" అన్నాను.

భూమి చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. మొహం మామూలుగా పెట్టమన్న నాన్న గుర్తొచ్చారు. మొహం నిండా కాటుక. ఇన్నాళ్ళకి నాన్న అడిగిన ఒక్క కోరికా ఇలా మంటగలిపానని ఏడుపొచ్చింది. వాళ్ళు మర్యాదస్తులు, కాఫీ పూర్తిగా తాగారు, అమ్మని ఓదార్చారు. లేచి, గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఆవిడ అంది: "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం."

నాన్నకి సంగతి మర్నాడు పొద్దున్న తెలిసింది. ఆ పాత బూట్లు తీసి, దుమ్ము తుడిచి, పాలిష్ పెట్టి మంచం కింద సర్దారు. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

గురువారం ఇన్లాండు కవరు వచ్చింది. దాని మీద ఉన్నది నాన్న పేరు కాదు, నాది. లోపల గుండ్రటి అక్షరాలు: "నెల పట్టినా ఉత్తరానికి దోషం లేదని పంతులుగారిని అడిగి తెలుసుకున్నాను. మావాడికి నువ్వు నచ్చావు. వాడు నీకు నచ్చాడో లేదో నువ్వే రాయి, మీ నాన్నగారిచేత రాయించకు. నా ప్రశ్నకి నీ జవాబు విన్నాను గనక వాడి జవాబు కూడా నీకు తెలియాలి. కింద వాడిచేతే రాయించాను." దాని కింద వేరే చేతిరాతతో ఒకే వరస ఉంది. "లాక్కోను. కాఫీ పెట్టడం నేర్చుకుంటున్నాను."

నాన్న కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. తర్వాత వరండాలోకి వెళ్ళి, చాలాసేపు మా వైపు వీపు పెట్టి నిలబడ్డారు. నేను ఏడ్చాను, సంతోషంతోనే. జీవితంలో నా అంతట నేను రాసిన మొదటి జవాబు ఆ రోజే పోస్టు చేశాను.

పెళ్ళయ్యాక పెందుర్తిలో ఇల్లు కట్టుకున్నాం. మా ఆయన మాట నిలబెట్టుకున్నారు, కాఫీ మాత్రం ఇప్పటికీ సరిగ్గా రాదు. రెండు వేలు దాటాక ఇంటర్నెట్టు షాపులు వచ్చినప్పుడు ముగ్గురం వెళ్ళి దొరసాని కోసం వెతికాం. వాళ్ళ దేశంలో జనం పాతకాలం గౌన్లూ టోపీలూ వేసుకుని వీధుల్లో ఊరేగుతున్నారు, మగవాళ్ళు పొడుగు బూట్లతో డాన్సులు చేస్తున్నారు. "ఈళ్ళకీ మనకున్న పిచ్చే ఉందే" అని నా నేస్తం తెర మీద చెయ్యి పెట్టి మరీ చూసింది. మా పిచ్చికి చుట్టాలు దొరికినంత ఆనందమేసింది.

అత్తయ్యగారు ఏ డిసెంబరూ ఆట తప్పలేదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. మధ్యాహ్నాలు చిక్కుళ్ళు వలుస్తూ నేను కథ చెబితే వినేవారు. దొరసాని అమ్మాయిలందరినీ పక్కింటివాళ్ళలా తిట్టేవారు, మెచ్చుకునేవారు. వేషం వెయ్యమంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. ఆ ఆదివారం ఆ ప్రశ్న ఎందుకు అడిగారో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. నా అదృష్టం కొద్దీ అడిగారనుకున్నాను.

ఒక ఏడాది టీచరుగారు పట్టుబట్టారు. "నాకు డెబ్భై ఐదు దాటాయి, మోకాళ్ళు పనిచెయ్యట్లేదు, ఈసారి మీరు రాకపోతే నేను చూపులకే రాను" అని బెదిరించారు. అత్తయ్యగారు ఒప్పుకున్నారు. బూట్లు నాన్నే పాలిష్ చేసి పంపించారు. చీర మీద కోటు, చెంపల మీద కాటుక, చేతిలో ట్రే. అరవై దాటిన పెళ్ళికొడుకు తల వంచుకుని వస్తుంటే నా నేస్తం నేల మీద పడి నవ్వింది. నడిపించాం, పాడించాం, జుట్టు లాగాం. చివరికి నా వంతు వచ్చింది.

"మా అమ్మాయి పుస్తకం చదువుకుంటూ ఉంటే నువ్వు లాక్కుంటావా బాబూ?" అన్నాను.

ఏదో చమత్కారం వస్తుందని అందరం ఎదురుచూశాం. అత్తయ్యగారు ట్రే బల్ల మీద పెట్టారు.

"నా దగ్గర లాక్కున్నారే" అన్నారు. "పెళ్ళయిన కొత్తలో. మా అత్తగారు చేతిలోంచి తీసుకెళ్ళి నీళ్ళ పొయ్యిలో పెట్టేసింది. ఇంకా మూడు పేజీలే ఉన్నాయమ్మాయ్. ఆ కథలో పిల్లకి చివరికి ఏమైందో నాకు ఇప్పటికీ తెలీదు." కాస్త ఆగి, వేషం గుర్తొచ్చినట్టుంది, నిటారుగా నిలబడ్డారు. "నేను లాక్కోనండీ."

టీచరుగారు మోకాలు పట్టుకుని లేచారు. నియమం ప్రకారం గుమ్మం దాకా వెళ్ళి చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. మేం ఆ మాట కోసం చూస్తున్నాం. ఆవిడ ఒక క్షణం అలాగే నిలబడి, చెప్పులు విప్పేసి వెనక్కి వచ్చి కూర్చున్నారు.

"ఉత్తరం లేదు, ఏమీ లేదు. ఈ అబ్బాయి మాకు నచ్చాడు" అన్నారు.

అత్తయ్యగారి చెంపల మీద కాటుక కిందికి కారుతోంది. ట్రే మళ్ళీ చేతిలోకి తీసుకుని "చల్లారిపోతోంది, తాగండి" అన్నారు.