కర్త లేని మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ఏ వస్తువునూ పగలగొట్టేవాళ్ళు కాదు. వస్తువులే పగిలేవి. పాలు పొంగేవి, తాళంచెవులు పోయేవి. అలాగే భూములూ పోయాయి. ఊళ్ళో దొరల కోటలాంటి మా గడి కూలాక నాచారంలో రెండు గదుల అద్దె ఇంటికి వచ్చాం. వచ్చినా ముందు గదిని కచ్చీరు అనే పిలిచేవాళ్ళం. ఊళ్ళో మా పెద్దలు కూర్చుని తీర్పులు చెప్పిన గదికి ఆ పేరు. మా నాన్నగారు ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో పొయ్యి దగ్గర సూపర్‌వైజరు. గంజి పెట్టిన చొక్కా లేకుండా డ్యూటీకి వెళ్ళి ఎరుగరు.

పక్కింటి అక్క ఉప్పల్‌లో ఒక చిన్న బడిలో పంతులమ్మ. అక్కడి షాపులో వ్యక్తిత్వ వికాస పుస్తకాలు అద్దెకు తెచ్చుకుని, చదివిందంతా మా మీద ప్రయోగించేది. ఒకసారి వాళ్ళింట్లో నా చేతిలోంచి గాజు గ్లాసు జారింది.

"అక్కా, గ్లాసు పలిగింది."

"అదే పలిగిందా? కాళ్ళొచ్చి దుంకిందా? పలగ్గొట్టిన అను, దొరసానీ."

అన్నాను. అక్క తిట్టలేదు, చీపురు చేతికిచ్చింది. పగిలింది అన్నంతసేపూ ఏడుపొచ్చింది. పగలగొట్టాను అన్నాక ఊడ్చే పని ఒక్కటే మిగిలింది.

ఆ రోజుల్లోనే మా నాన్నగారు పొయ్యి వదిలి, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరికో మా తాతల వేట కథలు చెబుతూ నిలబడిపోయారు. లోపల బిస్కెట్లన్నీ బొగ్గయ్యాయి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియలేదు. సంగతి తెలిసి అక్క ఒక ఉపాయం పన్నింది. పుస్తకం పట్టుకొచ్చి నాన్నగారి ముందు అమాయకంగా నిలబడింది.

"మామా, గీ పేజీ నాకు సమజైతలేదు. జర చదివి చెప్పుండ్రి."

ఆయన కచ్చీరులో తీర్పు చదివినట్టు గొంతెత్తి చదివారు. పని చెడినప్పుడు ఎదుటివాళ్ళ తప్పు వెతకడం మాని అందులో నీ వాటా ఎంతో నిన్ను నువ్వు అడగమని ఆ పేజీ సారం. నాన్నగారు పుస్తకం మూసి, మెచ్చుకోలుగా తల ఊపారు.

"మస్తు రాసిండు. మా ఫ్యాక్టరీల ఒక్కొక్కనితోని చదివియ్యాలె దీన్ని."

అక్క నా వైపు చూసింది. నవ్వబోయి నవ్వలేకపోయింది.

ఆదివారం నాడు ఫ్యాక్టరీ ఆఫీసరు స్వయంగా మా ఇంటికి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మెత్తనివాడు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను.

"నాకు క్షమాపణ కూడా అక్కర్లేదండీ. 'నేను చూసుకోలేదు' అని ఒక్క ముక్క అనండి. పైవాళ్ళకి నేను సర్దిచెప్పుకుంటాను."

నాన్నగారు మాట్లాడలేదు. ఆ మాట నాకు తెలుసు. ఎలా అనాలో, అన్నాక ఎంత తేలికవుతుందో కూడా తెలుసు. ఆయన ఇటు చూసినప్పుడు శబ్దం రాకుండా పెదవులు కదిపాను. చూశారు. చూసి వెన్ను ఇంకా నిటారు చేసుకున్నారు.

"మాడినయండీ. పొయ్యి అన్నంక మాడుతయి."

ఆఫీసరు అమ్మ ఇచ్చిన టీ కప్పు కింద పెట్టి, అమ్మకు నమస్కారం చేసి వెళ్ళిపోయాడు. నెల తిరగకుండా మేం మౌలాలిలో రైలు పట్టాల పక్కన ఒక్క గదిలోకి మారాం. అక్కడ ముందు గది అంటూ లేదు.

అక్క చాలాకాలం తనను తాను నిందించుకుంది, పేజీ సరిగ్గా ఎంచలేదని. పేజీ సరైనదే. ఆ పుస్తకాలు ఏం చెబుతాయో నాకు పూర్తిగా అర్థమైంది ఆ రోజే. వాటిని ఇంటిల్లిపాదీ చదవొచ్చు, బిగ్గరగా చదవొచ్చు, మెచ్చుకోవచ్చు. చివరికి మిగిలే ఆ చిన్న వాక్యాన్ని మాత్రం ఎవరిది వాళ్ళే అనాలి. ఇప్పుడు నన్ను ఎవరైనా ఏదైనా అడిగితే తడుముకోకుండా "నేనే" అంటాను. పొగరు అనుకునేవాళ్ళూ ఉన్నారు, అనుకోనీ. కానీ ఆ ఆదివారం ఆయన మౌనంలోకి నేను దూకి "మా నాన్నగారే మాడ్చారు" అని అరిచి ఉన్నా, అది చాడీ అయ్యేది తప్ప ఒప్పుకోలు అయ్యేది కాదు. ఆ వాక్యానికి కర్త ఆయన. నేను ఆయన కూతుర్ని మాత్రమే.