తుప్పుకు వెండి రంగు

2001 వేసవిలో నేను ప్రభుత్వ రంగ కర్మాగారంలోని లోహ పరీక్షశాల ఉద్యోగం వదిలి, విజయవాడకు దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో మెకానికల్ విభాగం ప్రొఫెసరుగా చేరాను. కళాశాల పేరు చెప్పను. నేను చెప్పబోయే అలవాటు ఆ ఒక్క కళాశాలది కాదు కనుక పేరుతో పనీ లేదు. నా సబ్జెక్టు మెటలర్జీ, అంటే లోహాల శాస్త్రం. లోహాన్ని ఎలా తయారుచేయాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఎలా పాడవుతుందో, ఎందుకు విరుగుతుందో చూడటం నా పని.

నా దగ్గర మొదట పరిశోధనకు చేరింది సలోమి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి మా కళాశాలలోనే మొదటి సంవత్సరం పిల్లలకు పాఠాలు చెప్పేది. గుణదల నుంచి కాలేజీ బస్సులో వచ్చేది. వాళ్ల అమ్మగారిది దివిసీమలో కాలువ చివరి ఊరు. అక్కడ లాకుల షట్టర్లు, అంటే కాలువ నీటిని ఆపి వదిలే ఇనుప తలుపులు, తుప్పు పట్టి చిల్లులు పడేవి. సముద్రం పోటెక్కినప్పుడు ఆ చిల్లుల్లోంచి ఉప్పునీరు ఎగదన్ని మేనమామల నారుమళ్లు మాడిపోయేవి. షట్టర్లకు రంగు వేస్తూనే ఉన్నారు, చిల్లులు పడుతూనే ఉన్నాయి. ఇలా ఎందుకు జరుగుతోందన్నది ఆమె ప్రశ్న.

ఉప్పునీరే కారణమని ఇంజనీర్లు అనేవారు. సలోమి అనుమానం వేరు. గాలి ఆడని బురదలో బతికే కొన్ని సూక్ష్మజీవులు నీటిలోని సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తాయి. ఆ సల్ఫైడు ఇనుమును కొరుకుతుంది. పైన ఎర్ర తుప్పు, దాని కింద నల్లటి జిగురు పొర, ఆ పొర కింద లోహంలో లోతైన గుంట ఉంటే అది వాటి పని అని గుర్తు. నల్ల పొర మీద చుక్క యాసిడ్ వేస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఆమె అనుమానమే నిజమైతే, పాత తుప్పు పూర్తిగా తీయకుండా పైన రంగు పూయడం రక్షణ కానే కాదు. ఆ జీవులకు దుప్పటి కప్పి పడుకోబెట్టడమే.

విశ్వవిద్యాలయంలో పరిశోధన మండలి అని ఒకటి ఉంటుంది. ఎవరు ఏ అంశం మీద పీహెచ్‌డీ చేయవచ్చో అది నిర్ణయిస్తుంది. కెమిస్ట్రీ చదివిన మనిషి, మెకానికల్‌లో పేరు నమోదు, సివిల్ వాళ్ల షట్టర్లు, మైక్రోబయాలజీ వాళ్ల సూక్ష్మజీవులు! మండలిలో ఒక పెద్దాయన కళ్లజోడు తీసి, "ఇంతకీ ఈ అమ్మాయి ఏ డిపార్ట్‌మెంటు మనిషండీ?" అని అడిగారు. తుప్పు ఏ డిపార్ట్‌మెంటును అడిగి పడుతుందండీ అన్నాను. ఆయనకు నచ్చలేదు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు: గడువులోగా బలమైన ఆధారాలు చూపకపోతే నమోదు రద్దు. సలోమి ఉద్యోగం తాత్కాలికం. పీహెచ్‌డీ ఉంటే తప్ప దాన్ని పర్మనెంటు చేయమని కళాశాల ముందే చెప్పేసింది. అంటే ఆమె చదువూ ఉద్యోగమూ రెండూ ఆ ఆధారాల మీదే నిలబడ్డాయి.

ఆధారాలు దొరికే అవకాశం అనుకోకుండా వచ్చింది. వాళ్ల అమ్మగారి ఊరి దగ్గర లాకులకు కొత్త షట్టర్లు బిగించి, పాతవి తీసి గట్టున పడేశారు. కొన్ని దశాబ్దాలు ఆ బురదలోనే నిలబడ్డ ఇనుము అది. ఏ ప్రయోగశాలలోనూ తయారుచేయలేనిది. గ్యాస్ కటింగ్ పెడితే వేడికి పొరలు మాడిపోతాయని, ఎండలో కూర్చుని హాక్సా బ్లేడుతో ముక్కలు కోశాం. ప్రతి ముక్కా ఏ షట్టరుదో, నీటిమట్టానికి ఎంత దిగువదో గుర్తు వేశాం. గాలీ తేమా తగలకుండా డెసికేటర్లలో, అంటే మూత బిగిసే గాజు పాత్రల్లో భద్రపరిచాం. ఒక్కో ముక్కనూ రెజిన్‌లో, అంటే ఆరితే గట్టిపడే జిగురులో పోతపోసి, అడ్డంగా కోసి, నునుపు చేసి మైక్రోస్కోపు కింద చూడాలి. మొదట చూసిన కొన్ని ముక్కల్లోనే నల్ల పొర, కింద గుంట స్పష్టంగా కనిపించాయి. సలోమి మొహం వెలిగిపోయింది. చూడవలసినవి ఇంకా చాలా మిగిలాయి.

ఈలోగా తనిఖీ కమిటీ వస్తోందని కబురు వచ్చింది. అనుబంధ కళాశాలలకు గుర్తింపు కొనసాగించాలా వద్దా అని చూడటానికి విశ్వవిద్యాలయం పంపే కమిటీ ఇది. ఆ రోజుల్లో కమిటీ రాక అంటే పెళ్లివారి రాకే. గోడలకు సున్నం, కుండీల్లో కొత్త మొక్కలు. యాజమాన్యం వారి మరో కళాశాల నుంచి మంచి మైక్రోస్కోపు ఒకటి లారీలో వచ్చి మా ల్యాబులో కూర్చుంది. కమిటీ వెళ్లగానే అది కూడా వెళ్లిపోతుంది. పరిశోధన చేసేవాడికి అందనిది, చూడటానికి వచ్చేవాడికి అందుతుంది. ఇది మోసమని అక్కడ ఎవరికీ అనిపించేది కాదు, ఏర్పాటు అనేవారు.

మధ్యలో వచ్చిన పండగ సెలవులయ్యాక ల్యాబు తలుపు తీసిన సలోమి కేక విని పరుగున వెళ్లాను. మా తాళాలు మా దగ్గరే ఉన్నాయి. డూప్లికేటు తాళాలు ఆఫీసులో ఉండాలన్నది కళాశాల నియమం. బల్ల మీద ఎర్ర వెల్వెట్ గుడ్డ పరిచి ఉంది. దాని మీద, రెజిన్ పగలగొట్టి తీసినవాటితో సహా, మా షట్టరు ముక్కలన్నీ వరసగా తళతళలాడుతున్నాయి. యాసిడ్‌తో కడిగి, ఎమిరీ కాగితంతో రుద్ది, వెండి రంగు వేశారు. గాజు పాత్రలు ఖాళీ చేసి, తుడిచి, కెమిస్ట్రీ ల్యాబు అద్దాల బీరువాలో అలంకరించారు. సలోమి ఒక ముక్కను చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పింది. మేం వేసిన గుర్తు మీద కూడా రంగే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

వరండాలో ఇంకా పని చేస్తున్న పెయింటరును పిలిచాను. ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులు వేసే మనిషి. అతని తప్పేముంది? చెప్పిన పని శ్రద్ధగా చేశాడు. "తుప్పు బాగా పట్టేసిందండీ. యాసిడ్ పెట్టి మొత్తం లేపేసి, ప్రైమర్ కొట్టి, రెండు కోటింగులేశాం. ఇంక పదేళ్లు చూసుకోనక్కర్లేదండీ" అన్నాడు, మెచ్చుకుంటానేమోనని నా వంక చూస్తూ.

ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. ఆయనా ఇంజనీరే, పైగా డాక్టరేటు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "ఏంటండీ మాస్టారూ, తుప్పు ముక్కలకి ఇంత గొడవా? కమిటీ వాళ్లు చూస్తే ఏమనుకుంటారు? తుప్పేగా, మళ్లీ తెచ్చుకుందురుగానీ" అన్నారు. డాక్టరు బల్ల మీది రక్తం శాంపిల్ పారబోసి, రక్తమేగా అన్నట్టుందండీ మీ మాట అన్నాను. ఆయన ఫోన్ అందుకున్నారు. ఆ క్షణంలో నాకు కోపం కంటే అసహ్యం ఎక్కువ కలిగింది. చదువురాని వాడు చేసి ఉంటే క్షమించేవాణ్ని.

కమిటీ వచ్చిన రోజు అధ్యక్షుడు వెల్వెట్ బల్ల దగ్గర ఆగారు. ఆయన కూడా లోహాల మనిషే, పేరున్నవారు. "శాంపిల్స్ చాలా నీట్‌గా మెయింటెయిన్ చేస్తున్నారండీ" అన్నారు. ప్రిన్సిపాల్ నవ్వి, సలోమిని ముందుకు పిలిచి రెండు ముక్కలు చెప్పమన్నారు. ఆమె ఆ ముక్కలు చూపిస్తూ చెప్పింది.

"ఇవి శాంపిల్స్ కావండీ. సెలవులకి ముందు శాంపిల్సే. నేను వెతికేదంతా ఆ తుప్పులోనే ఉంది సార్. మీరొస్తున్నారని దాన్ని కడిగేసి రంగేశారు. ఇప్పుడివి ఉత్త ఇనప ముక్కలు."

భోజనాలు చల్లారిపోతున్నాయని ప్రిన్సిపాల్ గుర్తుచేశారు. అందరూ కదిలారు. అధ్యక్షుడు మెట్ల దగ్గర నన్ను పక్కకు తీసుకుని, "చూడగానే తెలిసిందండీ నాకు. కానీ ఇవన్నీ రాసుకుంటూ పోతే ఎన్ని కాలేజీలు మూయాలి చెప్పండి?" అన్నారు. ఒకటి మూస్తే మిగతావాటి కళ్లు తెరుచుకుంటాయండీ అన్నాను. ఆయన నా భుజం తట్టి భోజనానికి వెళ్లారు. తెలియక మెచ్చుకుని ఉంటే ఒక రకం. తెలిసి మెచ్చుకున్నాడు. ఇన్నేళ్లయినా ఆ భుజం తట్టడం తలచుకుంటే నాకు మంటే.

మర్నాడు సలోమిని క్షమాపణ రాసిమ్మన్నారు. రాయనంది. ఆమె చేత రాయిస్తే నేనూ రాజీనామా రాస్తానని చెప్పాను. కళాశాలకు పరిశోధన కేంద్రంగా ఉన్న గుర్తింపు నిలవాలంటే నాలాంటి గైడు పేరు కావాలి కనుక అంతటితో ఊరుకున్నారు. వాళ్లు తగ్గింది న్యాయానికి కాదు, నా పేరు అవసరానికి.

ఇద్దరం లాకుల దగ్గరికి పరుగెత్తాం. గట్టు మీద షట్టర్లు లేవు. పాత ఇనుము వ్యాపారి పట్టుకుపోయాడన్నారు. ఆటోనగర్‌లో అతణ్ని వెతికి పట్టుకుంటే, అప్పటికే కొలిమికి వెళ్లిపోయాయన్నాడు. సలోమి అక్కడే పాత టైర్ల గుట్ట పక్కన నిలబడి ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఏడవవలసిన విషయమే అది.

తర్వాత కొత్త ఇనుప పలకలు కోయించి అదే కాలువ బురదలో పాతిపెట్టాం. గడువు పొడిగించమని మండలి చుట్టూ నేను తిరిగాను, పలకల చుట్టూ ఆమె తిరిగింది. రెండేళ్ల తర్వాత తీసి చూస్తే నల్ల పొర ఉంది, దాని కింద చిన్న గుంటలూ ఉన్నాయి. డాక్టరేటు వచ్చింది, ఉద్యోగమూ పర్మనెంటు అయింది. కళాశాల గేటు మీద ఆమె ఫొటోతో అభినందనల బ్యానరు కట్టారు. పుండు మీద కారం చల్లడమంటే అదే.

ఆ ఫలితాలు పట్టుకుని కాలువల ఇంజనీర్ల దగ్గరికి వెళ్లాం. వాళ్లు మర్యాదగానే విన్నారు. "రెండేళ్ల పలకలు చూసి ముప్పై ఏళ్ల షట్టరు సంగతి ఎలా చెప్తామండీ? పాత షట్టరువి ఒక నాలుగు ముక్కలు ఉంటే చూపించండి, అప్పుడు ఆలోచిద్దాం" అన్నారు. వాళ్లు అడిగింది న్యాయమే. మా దగ్గర వెండి రంగు ముక్కలున్నాయి. కొత్త షట్టర్లకు కూడా పాత పద్ధతిలోనే, తుప్పు మీదే రంగు వేస్తూ వచ్చారు.

తరువాతి కాలంలో నన్నూ తనిఖీ కమిటీల్లో వేశారు. ఆ సంఘటన నాకు నేర్పిన పద్ధతి ఒక్కటే. ఏ ల్యాబుకు వెళ్లినా చూపించే బల్ల దగ్గర ఆగేవాణ్ని కాదు. విరిగినవి, తుప్పు పట్టినవి, పాడైనవి ఎక్కడ పెట్టారని అడిగేవాణ్ని. ఒక చోట ప్రిన్సిపాల్ గర్వంగా, "మా దగ్గర అలాంటివేమీ ఉంచమండీ" అన్నారు. ఇక్కడ పరిశోధన జరగడం లేదని ఆయన ఎదుటే రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాత నన్ను కమిటీల్లో వేయడం మానేశారు.