సోలాపూర్‌లో పోటీకి నిలబెట్టిన నా ఇల్లు

సోలాపూర్‌లో నేతగాళ్ల కోసం ఇళ్ల నమూనాల పోటీ పెడుతున్నారని తెలిసిన రోజే మొదటి బహుమతి నాదేనని తీర్మానించేసుకున్నాను. హైదరాబాదులో ఒక ఇంజనీరు దగ్గర పటాలు గీసే ఉద్యోగం నాది. పన్నెండేళ్లుగా నేను గీసిన ప్రతి ఇంటి కిందా ఇంకొకరి సంతకమే. ఈసారి నా పేరుండాలి. చలికాలంలో ఒకసారి వెళ్లి, పొద్దున పూట నేతగాళ్లుండే దాజీ పేటలో నాలుగిళ్లు కొలుచుకొచ్చాను. అన్నీ చీకటి కొట్లే. గాలీ వెలుతురూ లేకుండా ఈ మనుషులు ఎలా బతుకుతున్నారా అని జాలిపడి, ఆరు పెద్ద కిటికీలు, సిమెంటు నేలతో ఇల్లు గీసి పంపాను. ఎంపికైన మూడింటిలో నాదీ ఒకటి. ఆ మూడింటినీ కుంఠా నాకా దగ్గర ఖాళీ జాగాలో నిజంగానే కట్టి, వేసవిలో ప్రదర్శన పెట్టారు. చివరి రోజు సాయంత్రం నాలుగింటికి పరీక్షకులు వచ్చేసరికి ప్రతి ఇంట్లోనూ మగ్గం నడుస్తుండాలని షరతు.

వెళ్లదలచినవారికి దారి చెబుతాను. సికింద్రాబాదులో సాయంత్రం బండెక్కి, వాడిలో దిగి, బొంబాయి వైపు పోయే బండి పట్టుకోవాలి. మూడో తరగతి టికెట్టు మూడు రూపాయల లోపే. సోలాపూర్ బ్రిటిషు ఇలాకా కాబట్టి మన నిజాం హాలీ రూపాయి అక్కడ చెల్లదు. ఆ సంగతి మరచి, ప్రదర్శన చివరి రోజు పొద్దున్నే స్టేషను బయట టాంగా అతనితో తగువుపడ్డాను. అతను నా రూపాయిని అటూ ఇటూ తిప్పి చూసి, "గీ సిక్కా ఈడ నడ్వది సాబ్. ఎక్కున్రి, కొంతం చౌక్‌ల బదలాయిద్దాం" అన్నాడు. మీది ఏ ఊరని అడిగితే, "తాతది కరీంనగర్ దిక్కు. నేను పుట్టింది ఈడనే" అని నవ్వాడు. నాలుగణాలకు ఊరంతా తిప్పి, ఎనిమిదింటికి నన్ను నా ఇంటి ముందు దింపాడు.

నా ఇంట్లో నేసేందుకు దాజీ పేట నుంచి అంబాదాస్ అనే ముప్ఫై ఏళ్ల నేతగాణ్ణి పెట్టారు. వాళ్ల మగ్గానికి నేలలో గుంట ఉంటుంది. నేతగాడు నేల మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి తొక్కుడు కర్రలు తొక్కుతాడు. ఆ గుంటకు కూడా నేను నున్నగా సిమెంటు చేయించాను. పది దాకా మగ్గం హాయిగా సాగింది. పక్క రెండిళ్లూ చూసొచ్చాను. నేలా గుంటా అంతా షాబాదు బండలే, చూడముచ్చటగా ఉన్నాయి. అయినా నా ఇంటికి ఉన్నన్ని కిటికీలు లేవు కదా అని లోలోపల పొంగిపోయాను.

పదకొండు దాటాక వడగాలి మొదలైంది. పడుగులో ఒక పోగు తెగింది. అంబాదాస్ అతికాడు. ఇంకోటి తెగింది. ఒంటిగంటయ్యేసరికి నేసేది తక్కువ, అతికేది ఎక్కువ అయింది.

"నూలు నాసిరకమా ఏంటి?" అని విసుక్కున్నాను.

"నూలు అచ్ఛానే ఉంది సాబ్. నిన్న ఇంట్ల గిదే నూలు నేసిన, ఒక్క పోగు తెగలే" అన్నాడతను, తలెత్తకుండానే.

అప్పుడే అతని తల్లి లచ్చవ్వ జొన్నరొట్టె, పల్లీల చట్నీ మూటగట్టి తెచ్చింది. మూట దింపి, వంగి గుంట గోడను అరచేత్తో నిమిరింది.

"ఈ గుంట నువ్వే గీసినవా బిడ్డా?"

"నేనే అవ్వా."

"తడి ఏది దీంట్ల? మన్నును సిమెంట్‌తోని మూసేస్తివి. ఖిడికీలకెల్లి గాలి సీదా పడుగు మీదికే ఒస్తున్నది. ఎండిన పోగు తెగక ఏం జేస్తది?"

"గాలి లేకపోతే మీకే రోగాలొస్తాయి" అన్నాను, కోపం అణుచుకుంటూ.

"మాకు వాకిట్ల గాలి చాలు. లోపట నూలును సూసుకోవాలె."

ఆమె నన్ను దాజీ పేటకు నడిపించుకుపోయింది. చలికాలంలో నేను కొలిచిన చీకటి కొట్లలో ఒకటే వాళ్ల ఇల్లు. మగ్గం పక్కన, నేలకు దగ్గరగా, చిన్న కిటికీ ఒక్కటే. బయట నిప్పులు కురుస్తుంటే లోపల మట్టి చల్లగా ఉంది. ఆమె గుంటలోకి కాళ్లు దించి మూరెడు నేసి చూపించింది. పోగు తెగలేదు.

"రోడ్డు కోసం మా గల్లీ కూలగొడ్తరట. పోటీల గెల్చిన ఇల్లే మాకు కట్టిస్తరట. నీది గెలిస్తే ఎండకాలమంత మేం ఏం దిని బతకాలె?"

దాచడమెందుకు, అప్పుడు నా మనసులో వాళ్ల బతుకు లేదు, నాలుగింటి పరీక్షే ఉంది. దారిలో గోనె సంచులు కొన్నాను. తిరిగొచ్చి వాటిని తడిపి ఆరు కిటికీలకూ కట్టి, గుంటలో నీళ్లు చిలకరించాను. అంబాదాస్ సాయం చేశాడు. మగ్గం కుదుటపడింది.

నాలుగింటికి పరీక్షకులు ముగ్గురు వచ్చారు. పెద్దాయన గోనెల వైపు చూసి ఎందుకని అడిగాడు. "ఇవాళ ఎండ కాస్త ఎక్కువగా ఉందని" అన్నాను. ఆయన తలూపి కాగితం మీద రాసుకోసాగాడు. సరిగ్గా అప్పుడు ఎదుటి గోనె ఆరిపోయింది. ఒక పోగు తెగింది. అంతలో గుమ్మం దగ్గరున్న లచ్చవ్వ గబగబా చెంబు అందుకుని, ఎవరూ గమనించకుండా గోనె మీద నీళ్లు చల్లింది.

నా ఇల్లు గెలిస్తే మునిగేది ఆమె. అయినా బయటివాళ్ల ముందు కొడుకు మగ్గం ఆగకూడదు. అది వాళ్ల పరువు. ఆ చెంబు చూశాక నాకు సిగ్గేసింది. నేనే వెళ్లి గోనెలన్నీ లాగి పడేశాను. వడగాలి లోపలికి కొట్టింది. రెండు పోగులు, ఐదు, తర్వాత లెక్క లేదు. మగ్గం ఆగిపోయింది.

పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. గోడకున్న నా పటం మీద పెన్సిలుతో నాలుగు కిటికీలు కొట్టేసి, గుంట మట్టిదే ఉండాలని రాశాను.

"చివరి రోజు పటం దిద్దితే పోటీలోంచి తీసేస్తారు, తెలుసా?" అన్నాడాయన.

తెలుసన్నాను. ఆయన పటాన్ని గోడ మీంచి తీసి, చుట్టి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. బహుమతి షాబాదు బండల ఇంటికి వచ్చింది.

"నలుగురి ముంగట మా మగ్గం ఆపిచ్చినవ్ గదా!" అని లచ్చవ్వ నన్ను కడిగేసింది. ఆ తర్వాత మూటలో మిగిలిన రొట్టె నా చేతిలో పెట్టి, "తిను, పొద్దటిసంది ఏం దినలే" అంది.

రెండేళ్లకు మళ్లీ వెళ్లాను. కొత్త గల్లీలో ఇళ్ల ముందు గోడలు పోటీలో గెలిచిన నమూనావే. లోపల మాత్రం నేను పెన్సిలుతో దిద్దినట్టే ప్రతి ఇంటికీ రెండే కిటికీలు, మట్టి గుంట. ఆ ఇళ్ల పటం మీద నా పేరు ఎక్కడా లేదు. బాధ కలగలేదంటే అబద్ధం. లచ్చవ్వ నా చెయ్యి పట్టుకుని గుంట గోడకు ఆనించింది. తడిగా, చల్లగా ఉంది. ఇతరులు ఉండబోయే ఇంటిని నేను బయట నిలబడే గీశానని ఆ తడి తగిలినప్పుడు గానీ పూర్తిగా అర్థం కాలేదు.

మీలో ఎవరైనా నేతగాళ్ల ఇళ్లు చూడటానికి సోలాపూర్ వెళితే, ఎండాకాలంలో, మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. పొద్దున పూట నా ఇల్లు కూడా బాగానే ఉండింది.